సెరెంగెటీ మైదానములో మూడు దినములు

సఫారీ యనగా స్వాహిలీ భాషలో ప్రయాణమని మాత్రమే యర్థము. తెల్లదొరలు తూర్పు ఆఫ్రికాకు వేటకై వచ్చిన కాలములో ఆ మాటకు తుపాకి తోడైనది. అమెరికా అధ్యక్షపదవిని వదలిన థియొడోర్ రూజ్వెల్టు 1909వ సంవత్సరమున కుమారునితో నక్కడి కేగి, వారిరువురును అయిదువందలకు పైగా జంతువులను కూల్చిరి. ఇప్పుడు యాత్రికుల చేతులలో తుపాకికి మారుగా కెమెరా యున్నది. చంపుట లేదు గనుక చూచుటవలన హాని లేదని యెల్లరు నెంతురు. టాంజానియా దేశమున మూడు దినములు తిరిగి వచ్చినదాననగుటచే నీ విషయమును సోదరీమణులతో ముచ్చటింపగోరితిని.

మా మఱది దార్ ఎస్ సలామ్ నగరమున నొక వర్తకసంస్థలో లెక్కలు చూచుచున్నాడు. రెండేండ్లుగా రమ్మని వ్రాయుచుండగా, బడిపంతులగు మా వారికి సెలవు దొరకుటే కష్టమై, తుదకు ఫిబ్రవరిలో బయలుదేరితిమి. మేమిద్దరము, మా పిల్లలిద్దరు, మఱదియు తోడికోడలును, బండి నడపు నాదేశపు సారథియు, ఇంతే మా బృందము. బండి పైకప్పు పైకి లేచును. నిలువబడి నలుదిక్కులు చూడవచ్చును. నీలపు చీరలు, నల్లచీరలు కట్టవద్దని తోడికోడలు ముందుగనే హెచ్చరించినది. త్సేత్సే యను కుట్టెడి యీగలు ఆ రంగుల కాకర్షింపబడునట. స్త్రీలకు మఱియొక చిక్కు కలదు. నడుమ నెచ్చటను బండి దిగరాదు. మరుగుదొడ్లు ద్వారములకడను, భోజనమునకై యేర్పఱచిన తావులందును మాత్రమే యుండును. కావున ఉదయమున మంచినీళ్లు కొలతగా త్రాగుట మేలు.

మొదటి దినమున ఙ్గొరొఙ్గొరో చూచితిమి. అది పూర్వమొక అగ్నిపర్వతము. లోనికి కూలి, ఇన్నూట అఱువది చదరపు కిలోమీటర్ల పళ్లెరమైనది. అంచునుండి అడుగునకు ఆఱువందల మీటర్లు దిగవలెను. సింహములు, ఏనుగులు, ఖడ్గమృగములు అన్నియు నచటనే కానవచ్చినవి. స్వాహిలీలో సింహమును సింబా యందురని విని మా చిన్నవాడు దినమంతయు నామాటే జపించెను. మధ్యాహ్నము పులిహోర పొట్లము విప్పగానే ఒక గ్రద్ద వ్రాలి మా మఱదిచేతి ముద్దను తన్నుకొని పోయినది. మసాయి పశుపాలకులు ఎఱ్ఱదుప్పట్లు కప్పుకొని మందలను తోలుకొని పోవుచు కనబడిరి. సెరెంగెటీని 1951లో జంతువులకై ప్రత్యేకించి, 1959లో వీరి నచటనుండి యీ ప్రాంతమునకు తరలించిరి. మా బోటివారు వినోదముగా చూచు భూమి యొకప్పుడు వీరి యిల్లువాకిలి.

మఱునాడు దక్షిణపు మైదానము చేరితిమి. అచట చెట్టు లేదు. కనుచూపుమేర పొట్టిగడ్డి, ఆ గడ్డినిండ న్యుంబులు. ఇంగ్లీషులో వైల్డ్‌బీస్ట్ అనెడి జంతువే యిది. ఆవు మొగము, గుఱ్ఱపు తోక, మేకగడ్డము నొక్కచో నతికినట్లుండును. ఇవి లక్షోపలక్షలుగా ఏటేట వర్షము ననుసరించి ఉత్తరమున కెన్యాలోని మారానదివఱకు పోయి, తిరిగి ప్రసవకాలమున కిచ్చటికే వచ్చును. కారణము విని మేమాడువారమిద్దరము మొగమొగములు చూచుకొంటిమి. పూర్వము అగ్నిపర్వతములు చిమ్మిన బూడిద ఈ నేలపై పడియున్నదట. అందువలన నీ గడ్డిలో సున్నపుసారము, భాస్వరము అధికము. ఈనిన తల్లికి పాలు పడుటకు అవియే కావలెను. మన యిండ్లలో బాలింతకు ఏది పెట్టిన పాలు పడునని పెద్దలు విచారింతురు గదా! ఇచట తల్లులే ఆ గడ్డికై వందల కిలోమీటర్లు నడచివచ్చుచున్నవి. మఱియు నీ తల్లులలో చాలభాగము రెండు మూడు వారములలోనే ఈనును. ఒక్కమాఱుగా నన్ని దూడలు పుట్టినచో క్రూరమృగములు తిన్నంత తినినను పెక్కు మిగులును.

ఆనాటి యుదయముననే చీతాను చూచితిమి. ఇది మన చిఱుతపులి కాదు. సన్ననినడుము, కంటినుండి నోటివఱకు కన్నీటిజాడవంటి నల్లచార గలది. దాని పేరు సంస్కృతమున చిత్రకమనుదానినుండి పుట్టినదే. మనదేశమున నంతరించినదని 1952లో ప్రకటింపగా, 2022లో నమీబియానుండి ఎనిమిదింటిని తెచ్చి మధ్యప్రదేశ్‌లోని కూనో యడవిలో విడిచిరి. మేము చూచినది తల్లి. ప్రక్కన మూడు పిల్లలు. దూరమున మందనుండి వేఱైన దూడ యొకటి నిలిచియుండెను. తల్లి పొట్ట నేలకానించి మెల్లగా సాగుచుండెను. అంతలో సారథుల మాటలు యంత్రములలో ప్రాకి, మావెనుక బండ్లు వచ్చి చేరినవి. లెక్కింపగా పండ్రెండు. ఒకటి చీతాకును దూడకును నడుమ నిలిచినది. తల్లి లేచి చూచినది; మరల పండుకొన్నది. దూడ మందలో కలిసిపోయినది.

మా వారు పాఠము చెప్పు వాడుకచొప్పున తాము చదివినదానిని చెప్పిరి. కెన్యాలోని మసాయిమారాలో చేసిన పరిశోధన యొకటి 2018లో ప్రకటింపబడినది. యాత్రికులు తక్కువగా వచ్చుచోట చీతా తల్లి యీతకు సగటున రెండు పిల్లలకు పైగా పెంచి పెద్దచేయుచుండగా, బండ్లు క్రిక్కిఱిసినచోట ఐదీతలకు గాని యొక్క పిల్లయైన దక్కుట లేదట.

నాకు శాకుంతల ప్రథమాంకము స్ఫురించినది. దుష్యంతుడు రథముపై లేడిని తఱుముచుండగా తాపసులు చేయెత్తి యాపుదురు. రాజు బాణము మరల్చును. అచట లేడిపక్షమున పలుకుట సులభము. ఇచట నేనెవరి పక్షమున పలుకవలెను? దూడ బ్రదికినందుకు మా చిన్నవాడు చప్పట్లు చఱచినాడు. ఆకలిగొన్న మూడు పిల్లలు తల్లిడొక్కలో మూతులు దూర్చుచున్నవి.

"పోవుద" మంటిని.

"వదినగారూ, ఇంతదూరము, ఇంత సొమ్ము వెచ్చించి వచ్చితిమి. మనమొక్కరము తొలగిన మాత్రాన తక్కిన పదునొకండు పోవునా?" అని మా మఱది యనెను. అతడు వెచ్చించిన సొమ్ము గనుక ఆ మాటయందు న్యాయము లేకపోలేదు.

"అబ్బాయీ, పిల్లలతల్లి వంటయింటి గుమ్మమున కడ్డముగా పండ్రెండుగురు నిలిచియున్నారు. అందొకరైన ప్రక్కకు జరుగనిమ్ము" అంటిని.

అతడు నవ్వలేదు గాని సారథిభుజము తట్టెను. సారథి మాత్రము నాకు తెలియని స్వాహిలీలో ఏదియో యని, వెంటనే బండి మరల్చెను. మా పెద్దది సాయంకాలమువఱకు నాతో మాటాడలేదు.

క్రోసెడు దూరము పోయినపిదప నొక న్యుంబు ఈనుచు కనబడినది. దూడ నేలబడి, రెండుసారులు తూలి, మూడవమాఱు నిలిచినది. మా వారి గడియారమున ఎనిమిది నిమిషములు. తల్లి నాకుచుండెను. దూరమున దుమ్ములగొండి యొకటి కూర్చుండి చూచుచుండెను. సారథి యంత్రము నాపి, మమ్ము మాటాడవలదని సైగచేసెను. అప్పుడే పుట్టినదూడ కదలినదాని వెంట పోవునట. తల్లిని విడిచి బండివెంట వచ్చినవియు గలవట. తోడికోడలు నా చేయి పట్టుకొన్నది. తల్లి నడచినది, దూడ దానిప్రక్కను పడి నడచినది. అవి మందలో కలిసి, ఏది యేదో గుర్తింపరాకున్నంతవఱకు కూర్చుండి, అప్పుడు సారథి తాళము త్రిప్పెను.