నీలగిరి రైలు యాత్రకు విడిది ఎక్కడ?

నాలుగేళ్ళకొకసారి వచ్చే ఎల్.టి.సి. అవకాశాన్ని మనలో చాలామంది కుటుంబ సమేతంగా ఏదో ఒక కొండ ప్రాంతానికి వెళ్ళడానికే వినియోగించుకుంటాము. ఎక్కడికి వెళ్ళాలన్న విషయంపై ఇంట్లో నెల రోజులపాటు చర్చ సాగుతుంది. వెళ్ళిన తరువాత ఏ ఊరిలో విడిది చేయాలన్న విషయాన్ని మాత్రం అయిదు నిమిషాలలో తేల్చేస్తాము. ఈ రెండవ నిర్ణయమే యాత్ర ఫలితాన్ని శాసిస్తుందని నాకు ఆలస్యంగా బోధపడింది. ఒకే ప్రాంతానికి పాతికేళ్ళ వ్యవధిలో రెండుసార్లు వెళ్ళివచ్చిన అనుభవాన్ని తోటి ఉద్యోగులతో పంచుకోవాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

మా తండ్రిగారు బిట్రగుంట లోకో షెడ్డులో ఫిట్టరుగా పనిచేసి పదవీ విరమణ చేశారు. జీవితమంతా ఆవిరి యంత్రాల మధ్య గడిపిన ఆయనకు ఒకే ఒక కోరిక ఉండేది. నీలగిరి కొండలపై పట్టాల నడుమ పళ్ళ కమ్మీని పట్టుకుని ఎక్కే ఇంజనును కళ్ళారా చూడాలని, ఆ బండిలో ప్రయాణించాలని. 1998 మే నెలలో తల్లిదండ్రులను, భార్యను, ఇద్దరు చిన్న పిల్లలను వెంటబెట్టుకుని నేను ఆ యాత్రకు బయలుదేరాను. పేరుమోసిన ఊరు గనుక మరో ఆలోచన లేకుండా ఉదకమండలంలోనే నాలుగు రోజులకు గదులు తీసుకున్నాను. కోయంబత్తూరు నుండి బస్సులో కొండ ఎక్కాము. మలుపులు తిరిగే ఘాటు రోడ్డుపై పిల్లలకు వాంతులయ్యాయి. రాత్రి చలికి అమ్మకు నిద్ర పట్టలేదు. దిగేటప్పుడైనా రైలెక్కుదామనుకుంటే వేసవి రద్దీలో టిక్కెట్లు దొరకలేదు.

చివరి రోజు ఉదయం నాన్నగారు ఒంటరిగా స్టేషనుకు నడచివెళ్ళి వచ్చారు. "ఇక్కడ పళ్ళ కమ్మీ లేదురా, అది కూనూరుతోనే ఆగిపోతుందట" అన్నారు. అంతకు మించి ఒక్క మాట కూడా అనలేదు. ఆ కోరిక తీరకుండానే 2009లో ఆయన కన్నుమూశారు. సాంకేతిక విద్య చదివిన నేను ఆ మార్గం నిర్మాణాన్ని ముందుగా ఒక్కసారి కాగితంపై పరిశీలించి ఉంటే ఆ పొరపాటు జరిగేది కాదు.

ఇప్పుడు ఆ నిర్మాణాన్ని గమనిద్దాము. మెట్టుపాళయం నుండి ఉదకమండలం వరకు ఈ మీటరు గేజి మార్గం పొడవు 46 కిలోమీటర్లు. కూనూరు వరకు 1899లోను, ఉదకమండలం వరకు 1908లోను రైళ్ళు నడిచాయి. 2005లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ సంపదలో చేర్చింది. మెట్టుపాళయం సముద్రమట్టానికి సుమారు 325 మీటర్ల ఎత్తున, కూనూరు సుమారు 1,700 మీటర్ల ఎత్తున, ఉదకమండలం సుమారు 2,200 మీటర్ల ఎత్తున ఉన్నాయి. అంటే మొత్తం ఎత్తులో అధిక భాగాన్ని బండి కూనూరు చేరేలోపే ఎక్కేస్తుంది.

మెట్టుపాళయం దాటగానే వచ్చే కల్లారు వద్ద పళ్ళ కమ్మీ ప్రారంభమవుతుంది. అక్కడి నుండి కూనూరు వరకు వాలు అత్యధికంగా దాదాపు 12కు ఒకటి. బొంబాయి - పుణె మార్గంలోని ప్రసిద్ధమైన బోర్ ఘాటులో వాలు 37కు ఒకటి మాత్రమేనని గుర్తుచేసుకుంటే ఈ నిటారుతనం ఎంతటిదో తెలుస్తుంది. ఇంత వాలులో నున్నటి చక్రం నున్నటి పట్టాపై జారిపోతుంది. అందుకే పట్టాల నడుమ రెండు పళ్ళ కమ్మీలను పక్కపక్కనే అమర్చారు. ఒకదాని పళ్ళు రెండవదాని సందులకు ఎదురుగా వచ్చేటట్లు ఉంటాయి గనుక ఇంజను క్రింది పళ్ళ చక్రానికి ఏ క్షణంలోనూ పట్టు తప్పదు. ఇంజనుకు రెండు జతల సిలిండర్లు ఉంటాయి. మొదటి జత మామూలు చక్రాలను త్రిప్పుతుంది. అక్కడ పనిచేసి బయటకు వచ్చిన ఆవిరే రెండవ జతలో ప్రవేశించి పళ్ళ చక్రాలను త్రిప్పుతుంది. ఎక్కేటప్పుడు ఇంజను బండిని వెనుక నుండి నెడుతుంది.

కూనూరు దాటిన తరువాత పళ్ళ కమ్మీ అవసరం లేదు. అక్కడి నుండి ఉదకమండలం వరకు డీజిల్ ఇంజను లాగుతుంది. కనుక ఇది పేరుకు ఒకే మార్గమైనా వాస్తవానికి రెండు మార్గాలు. క్రింది భాగంలో రోజువారీ బండి ఉదయం ఒకటి ఎక్కుతుంది, మధ్యాహ్నం ఒకటి దిగుతుంది. పై భాగంలో మాత్రం రోజుకు పలుమార్లు బండ్లు తిరుగుతాయి. ఈ రెండు భాగాలు కలిసే చోటు కూనూరు. విడిదికి యోగ్యమైన స్థలం ఏదో ఈ ఒక్క వాక్యమే చెబుతుంది.

మెట్టుపాళయంలో దిగితే మైదానపు ఉక్క, ప్రతిరోజూ కొండ ఎక్కి దిగే శ్రమ తప్పవు. ఉదకమండలంలో దిగితే చలి, రద్దీ ఎక్కువ. పైగా అడవి గుండా సాగే అసలైన మార్గం దూరమవుతుంది. కూనూరులో ఉంటే అడవి మార్గాన్ని వచ్చేటప్పుడు ఒకసారి, వెళ్ళేటప్పుడు ఒకసారి చూడవచ్చు. నడుమ ఉన్న రోజులలో వీలైన బండిలో ఉదకమండలం వెళ్ళి సాయంత్రానికి తిరిగి రావచ్చు. ఎవరికైనా నలతగా ఉంటే వారు గదిలోనే విశ్రమించవచ్చు.

ఈ ఆలోచనతోనే 2023 ఫిబ్రవరిలో అమ్మ, నా శ్రీమతి, అమ్మాయి, అల్లుడుగారు, అయిదేళ్ళ మనుమడితో రెండవసారి బయలుదేరాను. రిజర్వేషను తెరిచిన రోజే కొండ బండికి టిక్కెట్లు తీసుకున్నాము. చెన్నైలో రాత్రి నీలగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి తెల్లవారేసరికి మెట్టుపాళయం చేరి, ఏడు గంటలు దాటాక చిన్న బండిలో కూర్చున్నాము. కల్లారు వద్ద పోకతోటలు కనిపించాయి. ఆ తరువాత ఇరువైపులా దట్టమైన అడవి, సొరంగాలు, లోయలపై వంతెనలు వచ్చాయి. పెట్టెల ముందు భాగంలో నిలబడిన బ్రేకు సిబ్బంది జెండాలతో సంకేతాలు ఇచ్చుకుంటూ ఉంటే మావాడు కళ్ళార్పకుండా చూశాడు. ఇంజను నీరు తాగడానికి ఆగినప్పుడల్లా దిగి కాళ్ళు చాచుకున్నాము. దాదాపు మూడున్నర గంటల ప్రయాణంలో ఎవరికీ వాంతి కాలేదు. ఆ వేగంలో కడుపు తిప్పడానికి అవకాశమే లేదు.

రెండవ రోజు విశ్రాంతి, 1874లో ఏర్పడిన సిమ్స్ పార్కు సందర్శన. మూడవ రోజు వెల్లింగ్టన్, అరవంకాడు, కేత్తి, లవ్‌డేల్ మీదుగా ఉదకమండలం వెళ్ళి, బొటానికల్ గార్డెన్ చూసి, సాయంత్రపు బండికి తిరిగి వచ్చాము. ఎత్తు వల్ల అమ్మకు ఆయాసం వస్తుందేమోనని భయపడ్డాను గాని, రాత్రికి మళ్ళీ క్రిందికి దిగివస్తాము గనుక ఇబ్బంది కలగలేదు.

కూనూరులో లోపాలు లేకపోలేదు. స్టేషను, బజారు పల్లంలో ఉంటాయి. సిమ్స్ పార్కు, అనేక విడిది గృహాలు ఎగువన ఉంటాయి. వృద్ధులు వెంట ఉన్నవారు స్టేషనుకు దగ్గరలో గది తీసుకోవడం మేలు. ఈశాన్య ఋతుపవనాల కాలంలో, అంటే అక్టోబరు నుండి డిసెంబరు వరకు, కొండచరియలు విరిగిపడి అడవి మార్గంలో రైళ్ళు రద్దు కావడం పరిపాటి. ఆ నెలలలో ఈ యాత్ర పెట్టుకోకపోవడం మంచిది.

నాలుగవ రోజు మధ్యాహ్నం దిగే బండి కోసం కాస్త ముందుగానే స్టేషను చేరాము. కూనూరు లోకో షెడ్డు స్టేషను పక్కనే ఉంది. ప్రక్కకు తెచ్చి నిలిపిన ఇంజను వద్దకు అమ్మ మనుమడి కూతురి కొడుకును పట్టుకున్నట్లుగా ముని మనుమడి చెయ్యి పట్టుకుని నెమ్మదిగా నడిచింది. వేడి నూనె, ఆవిరి కలిసిన వాసన వస్తోంది. బిట్రగుంటలో నా చిన్నతనాన సాయంత్రం వేళ నాన్నగారి చొక్కా నుండి వచ్చిన వాసన అదే. అమ్మ చాలాసేపు నిలబడి, "మీ నాన్న ఉంటే దీని క్రిందకు దూరి చూసేదాకా మనల్ని కదలనిచ్చేవారు కాదు" అన్నది. తరువాత మనుమడిని వంగి చూడమన్నది. వాడు వంగి చూసి, "తాతయ్యా, ఈ చక్రానికి పళ్ళున్నాయి!" అని కేక వేశాడు.

ఉద్యోగ మిత్రులకు నా మనవి ఒక్కటే. విడిది ఊరిని దాని పేరును బట్టి ఎంచుకోకండి. వెంట వచ్చే పెద్దలు, పిల్లలు ఎవరో, వారు చూడాలనుకుంటున్నది ఏమిటో ముందుగా అడిగి తెలుసుకోండి. తరువాత రైలు పటాన్ని, కాలపట్టికను ముందు పెట్టుకుని కూర్చోండి. నేను 1998లో ఆ పని చేయలేదు. పెద్దలు తమ కోరికను రెండవసారి చెప్పరు.