అవ్వకు అందే ఎత్తు

భద్రాచలం ఏజెన్సీలో మా గూడేనికి కరెంటు పెట్టడానికి వచ్చిన రోజు మేమంతా చేలో ఉన్నాం. ఇంట్లో అవ్వ ఒక్కతే ఉంది. వచ్చినవాళ్లు మీటరు బయట బిగించి, ఎంసీబీ డబ్బా ఎక్కడ పెట్టాలా అని చూశారు. మాది తడిక గోడ. వెదురు తడికకు మట్టి మెత్తిన గోడలో స్క్రూ నిలవదు. అందుకని పైన దూలానికి బిగించారు.

"అది నాకు అందదు నాయనా" అన్నదట అవ్వ.

"పైనుంటే పిల్లలకు అందదులే అవ్వా, మంచిదే" అన్నారట వాళ్లు.

నిజమే కదా అని మేమూ ఊరుకున్నాం. సాయంత్రం బల్బు వెలిగింది. డబ్బా సంగతి మరిచిపోయాం.

మేమిద్దరం టీచర్లం. ఒక శ్రావణంలో శిక్షణకు పోయి మండల కేంద్రంలో ఉండిపోయాం. ఆ రాత్రి ముసురుకు కప్పు కారి, నీళ్లు దూలం మీదుగా డబ్బాలోకి దిగాయి. చిటపటమని చప్పుడు, కాలిన వాసన. అవ్వ నులక మంచం లాగి ఎక్కింది. మంచం ఊగింది, చెయ్యి అందలేదు. పిల్లలిద్దర్నీ పట్టుకుని వానలోనే పక్కింటి అరుగు మీదికి పోయి తెల్లారేదాకా కూర్చుంది. మేము వచ్చేసరికి డబ్బా సగం కరిగి ఉంది. ఎవరికీ ఏమీ కాలేదు. అందుకే ఆ సంగతి ఏ కాగితం మీదికీ ఎక్కలేదు.

ఎంసీబీ దానంతటదే పడాలి కదా అని మేమూ అనుకున్నాం. షార్టయినా, వైరు మోయలేనంత కరెంటు పారినా అది పడుతుంది. తడివల్ల కొద్దికొద్దిగా కారే కరెంటుకు పడకపోవచ్చు. ప్రాణం తీయడానికి ఆ కొద్ది చాలు. దాన్ని పట్టేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. అది లేని ఇంట్లో మనిషి చెయ్యే దిక్కు. ఆ చెయ్యి అందాలి.

మన జాతీయ విద్యుత్ నియమావళి ప్రకారం స్విచ్‌బోర్డు అడుగు అంచు నేల నుంచి 1.25 మీటర్ల కంటే కిందికి ఉండకూడదు. ముందు తలుపుతో పూర్తిగా మూసి ఉంటే మినహాయింపు ఉంది. మూరల్లో చెప్పాలంటే మూడుకు కాస్త తక్కువ. అంటే మా అవ్వ భుజం దగ్గరికి. చిన్నపిల్లలకు అందకుండా, అవ్వకు అందేలా పెట్టడానికి దూలం దాకా పోనక్కర్లేదు.

లైన్‌మన్‌ చేత సరఫరా ఆపించి, రెండు గుంజల మధ్య అడ్డంగా పలక కొట్టించాం. తలుపున్న కొత్త డబ్బాను దాని మీద పెట్టించాం. పొయ్యికి, నీళ్ల కుండలకు దూరంగా, కప్పు కారని చోట.

తర్వాత బడిలో కొలతల పాఠం వచ్చింది. 1.25 మీటర్ల తాడు తలా ఒకటి ఇచ్చి, ఇంట్లో డబ్బా ఎత్తు చూసి రమ్మన్నాం. ఒక పిల్ల, వాళ్లమ్మ రోలు మీద ఎక్కితేగాని అందదన్నది. ఇంకొకడు, డబ్బా ధాన్యం గుమ్మి వెనక ఉందన్నాడు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ ఇంటికి వైరింగ్‌కు వస్తే ఆ పూట ఒకరు ఇంట్లో ఉండండి. పెద్దవాళ్లలో అందరికన్నా పొట్టి మనిషిని గోడ పక్కన నిలబెట్టి, చెయ్యి సులువుగా అందే చోట బొగ్గుతో గీత గీయండి. డబ్బా ఆ గీత దాటి పైకి పోనివ్వకండి.

ఇప్పుడు ఉరుము వినబడితే అవ్వే పోయి మీట దించుతుంది. మంచం ఎక్కదు.