అవ్వ చేతిమీది నీలిమచ్చ

అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి చర్మవ్యాధుల ఓపీకి పొద్దున్నే జనం చేరతారు. కళ్యాణదుర్గం, ఉరవకొండ, రాయదుర్గం బస్సులు దిగి వచ్చినవాళ్లు. గజ్జి, తామర, మంగు, ఎండకు మాడిన ముఖాలు. మచ్చ కోసమే వచ్చేవాళ్లు తక్కువ. నాకు కావలసింది వాళ్లే కాబట్టి, డాక్టరమ్మ అనుమతి తీసుకుని గదిలో ఒక మూల కూర్చున్నాను.

మనవరాలు చెయ్యి పట్టుకుని ఒక అవ్వను తెచ్చింది. అవ్వ కుడిచేతి మీద, మణికట్టుకు దిగువన, మిరియపు గింజంత మచ్చ. నలుపు కాదు, ఉక్కునీలం. నున్నగా, కొంచెం ఉబ్బుగా ఉంది.

"నా పెండ్లినాటి నుంచి ఉండాది తల్లీ. నొప్పి ల్యా, ఏం ల్యా. ఈ పిల్ల ఫోన్లో ఏందో చూసి క్యాన్సరంటాంది."

డాక్టరమ్మ చర్మాన్ని పెద్దగా చూపే డెర్మటోస్కోప్ ఆనించి చూసి, నాకూ చూపించారు. మామూలు పుట్టుమచ్చలో కనిపించే వల అల్లిక, చుక్కలు ఏవీ లేవు. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒకే నీలం. "బ్లూ నీవస్. భయం లేదవ్వా. పెరిగినా, రంగు మారినా, పుండు పడినా మాత్రం వెంటనే రా" అన్నారు. ఆ అద్దాన్నే అవ్వ ముంజేతి మీది పచ్చబొట్టుకు జరిపారు. అదీ నీలంగానే ఉంది.

పచ్చబొట్టు పొడిచింది మసితో. మసి నల్లనిదే, చర్మం లోపలికి దిగాక నీలిపచ్చగా కనబడుతుంది. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ సంగతీ ఇంతే. పైపొరలో ఉంటే మచ్చ గోధుమగానో నల్లగానో ఉంటుంది. లోపొరలో ఉంటే ఎర్రకాంతి లోతుకు దిగి ఇంకిపోతుంది, నీలికాంతి మధ్యలోనే చెదిరి మన కంటికి తిరిగొస్తుంది. పిండదశలో వెన్ను వైపు నుంచి బయలుదేరే రంగుకణాలు చర్మం పైపొర చేరాలి. కొన్ని దారిలోనే ఆగిపోతాయి. 1906లో మాక్స్ టియెష్ వర్ణించిన నీలిమచ్చ అలాంటి కణాల గుంపే.

"నాకూ వస్తుందా?" అని అడిగింది మనవరాలు. చాలా నీలిమచ్చల్లో జీఎన్‌ఏక్యూ అనే జన్యువు మారి ఉంటుంది, కానీ ఆ మార్పు ఆ మచ్చ కణాల్లోనే; వంశంలో దిగేది కాదు. డాక్టరమ్మ ఆ మాటే చెప్పారు. పిల్ల ముఖం తేటపడింది.

తర్వాత ఒక బాలింత. బిడ్డ పిర్రల మీద కమిలినట్టు నీలం. "యాడ పడేసినావని మా అత్త అడుగుతాంది మేడమ్" అంటూ కళ్లు తుడుచుకుంది. మన దేశంలో పుట్టే పిల్లల్లో ఎందరికో ఉండే మంగోలియన్ మచ్చ అది. కొన్నేళ్లలో చాలావరకు దానంతటదే మాసిపోతుంది. పాశ్చాత్య దేశాల్లో దీన్ని దెబ్బగా పొరబడి తల్లిదండ్రులను అనుమానించిన సందర్భాలు వైద్య పత్రికలకెక్కాయి. ఆ తల్లి మీద పడ్డ నింద డాక్టరమ్మను కదిలించింది. బయట కూర్చున్న అత్తను లోపలికి పిలిపించి, ఆమెకే వివరంగా చెప్పి పంపారు.

డిగ్రీ చదివే అమ్మాయికి కంటి చుట్టూ, చెంప మీద నీలం. కనుగుడ్డు తెల్లలోనూ ఆ ఛాయే. 1939లో జపాన్ వైద్యుడు ఓటా వర్ణించిన మచ్చ. వాళ్లమ్మ అడిగిందంతా పెళ్లిచూపుల గురించే. లేజర్‌తో తగ్గుతుంది, కానీ చాలా విడతలు పడుతుంది. దానికంటే ముందు కంటి పరీక్ష చేయించమన్నారు. ఈ మచ్చ ఉన్నవాళ్లలో సుమారు పదిమందిలో ఒకరికి కంటినరం దెబ్బతినే గ్లకోమా వస్తుంది, అరుదుగా కంటి లోపల మెలనోమా అనే రంగుకణాల క్యాన్సర్ రావచ్చు.

చివరికొచ్చాడు ఒక రైతుకూలీ, దురదకు మందు కావాలని. డాక్టరమ్మ చెప్పులు విప్పమన్నారు. ఎవరొచ్చినా అరికాళ్లు చూడటం ఆమె అలవాటు. మడమ కింద నల్లని మరక, అంచులు ఎగుడుదిగుడు, ఒకవైపు పచ్చిగా ఉంది. తుమ్మముల్లు దిగిందనుకున్నాడట. ఎవరో చెబితే సున్నం, సోడా కలిపి పెట్టి కాల్చాడట కూడా. మనవాళ్లలో మెలనోమా అరుదే, కానీ వచ్చినప్పుడు తరచూ అరికాల్లోనో గోటికిందనో వస్తుంది. అనుమానపు మచ్చను కాల్చేస్తే ఆ కాల్చినంత మేరా పరీక్షకు పనికిరాదు, మిగిలింది లోపల పెరుగుతూనే ఉంటుంది. నీలం చూసి హడలిపోయే మనం కాలికింది నలుపును ఇంత తేలిగ్గా వదిలేస్తున్నామే అని నాకు గుండె బరువెక్కింది.

"శెనక్కాయ పీకడం అయినాక వస్తా మేడమ్."

"అదయ్యేదాకా ఆగొద్దు నాయనా" అని డాక్టరమ్మ బయాప్సీ చీటీ రాసి, సర్జరీ విభాగానికి ఫోన్ చేసి, అతని వెంట ఒక నర్సును పంపారు.