పుస్తకంలో పేరెక్కకుండా

తణుకు దాటాక గోస్తనీ కాలువ పక్కనున్న ఒక ఊళ్లో డ్వాక్రా సంఘం నెలవారీ సమావేశం చూడ్డానికి వెళ్లాను. రామాలయం మండపంలో చాపలు పరిచి ఉన్నాయి. మధ్యలో పొదుపు లెక్కల పుస్తకం, తీర్మానాల పుస్తకం.

సమావేశం మధ్యాహ్నం రెండింటికి. ఒకావిడ పది నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. ఎవరూ ఒక్క మాట అనలేదు. రెండో లీడరు పుస్తకం తెరిచి ఆమె పేరు రాసి, ఎదురుగా పది రూపాయలు వేసింది. ఆమె కొంగు ముడి విప్పి నోటు ముందు పెట్టి కూర్చుంది. పది రూపాయలకు ఇంత పట్టింపు ఎందుకని అడిగాను.

‘‘పది రూపాయలు పెద్ద లెక్క కాదండీ. పుస్తకంలో పేరెక్కుద్ది. వచ్చే నెల అందరి ముందూ చదువుతారు. అదండీ మా భయం.’’

జరిమానా అన్నిచోట్లా ఇలా పనిచేయదు. ఇజ్రాయెల్‌లోని హైఫాలో పది శిశు సంరక్షణ కేంద్రాలను పరిశీలించి ఇద్దరు ఆర్థికవేత్తలు 2000లో ఒక ఫలితం ప్రకటించారు. పిల్లలను తీసుకెళ్లడానికి ఆలస్యంగా వచ్చే తల్లిదండ్రులకు కొన్ని కేంద్రాల్లో జరిమానా పెడితే, ఆలస్యాలు తగ్గకపోగా దాదాపు రెట్టింపయ్యాయి. డబ్బు కట్టేశాక ఇక మొహమాటం దేనికని జనం అనుకున్నారు. జరిమానా ఎత్తేసినా పాత అలవాటు తిరిగి రాలేదు. ఈ మండపంలో జరిగేది దానికి పూర్తిగా భిన్నం. ఇక్కడ జరిమానా సిగ్గును కొనేయదు, రాసి ఉంచుతుంది. పైగా ఆ డబ్బు సంఘం ఖాతాలోకే వెళ్తుంది. ఎంత ఉండాలో వాళ్లే కూర్చుని తీర్మానం చేసుకున్నారు.

ఆ రోజు ఇంకొకావిడ అసలు రాలేదు. భర్త ఆసుపత్రిలో ఉన్నాడట. ఆమె పేరు పక్కన జరిమానా వేయలేదు. ఆ నెల ఆమె కట్టాల్సిన బ్యాంకు కిస్తీ సంఘం పొదుపులోంచి సర్దాలని, ఆమె తర్వాత తీర్చాలని రాశారు. సాయంత్రం ఇద్దరు వెళ్లి చూసి రావాలనీ అనుకున్నారు. నేను చూసిన వాటిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది ఇదే. నియమం పెట్టినవాళ్లకు దాన్ని ఎప్పుడు సడలించాలో కూడా తెలుసు. ఎందుకంటే ఆ ఇల్లు వాళ్లకు తెలుసు.

శిక్షతోపాటు బహుమానమూ ఉంది. సంఘాల బ్యాంకు అప్పు మీద ప్రభుత్వ రాయితీగా 2004లో పావలా వడ్డీ వచ్చింది, 2012లో వడ్డీలేని రుణం, 2020లో సున్నా వడ్డీ. పేర్లు మారినా షరతు ఒకటే: బ్యాంకు కిస్తీ గడువులోపు కట్టాలి. అప్పు సంఘం పేరు మీద ఉంటుంది కాబట్టి ఒకరు తప్పితే అందరి రాయితీకీ గండి పడుతుంది. అందుకే ఒకరినొకరు హెచ్చరించుకుంటారు. మంచికే, చాలావరకు.

చాలావరకు అని ఎందుకన్నానంటే, ఇదే సూత్రం ఒకసారి ప్రాణాలు తీసింది. ప్రైవేటు సూక్ష్మరుణ సంస్థలు సంఘం పూచీనే పట్టుకుని వారం వారం కిస్తీలు వసూలు చేశాయి. 2006లో అప్పటి కృష్ణా జిల్లాలో అధికారులు యాభై దాకా శాఖలు మూయించారు. అయినా వేధింపులు ఆగలేదు. ఆత్మహత్యల వార్తలు వరసగా వచ్చాక 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. సంస్థలు నమోదు చేసుకోవాలని, బలవంతపు వసూళ్లు కూడదని చెప్పింది. ఆ రోజులు గుర్తున్న ఒక పెద్దావిడ చెప్పింది:

‘‘ఒకామె కట్టకపోతే మమ్మల్నందరినీ కదలనిచ్చేవారు కాదండీ. పొయ్యి మీద అన్నం ఉన్నా సరే. చివరికి ఆమె గుమ్మం ముందుకెళ్లి మేమే తిట్టేవాళ్లం.’’

ఇక్కడా అక్కడా పూచీ ఒకటే, ఒత్తిడీ ఇరుగుపొరుగుదే. కానీ అక్కడ నియమం రాసినవాడు ఊళ్లో ఉండడు. మాఫీ చేసే అధికారం ఎవరి చేతిలోనూ లేదు. మినహాయింపు లేని శిక్ష ఇరుగుపొరుగును వసూలుదార్లను చేస్తుంది. ఈ తేడా చూడకుండా ‘సంఘం ఒత్తిడి పనిచేస్తుంది’ అని గొప్పగా చెప్పుకోవడం ప్రమాదం.

అందుకే అధికారులకు, బ్యాంకర్లకు నా మనవి ఒకటుంది. వడ్డీ రాయితీ లెక్క వేసేటప్పుడు ఆసుపత్రి, కాన్పు, చావు వల్ల తప్పిన కిస్తీని వేరుగా చూడండి. అందుకు రుజువుగా సంఘం తీర్మానాల పుస్తకాన్నే తీసుకోండి.