అర్థమైంది సార్!

పాఠం అవగానే మాస్టారు ‘అర్థమైందా?’ అంటారు. క్లాసంతా ఒకే గొంతుతో ‘అర్థమైంది సార్!’ అంటుంది. ఆ కోరస్‌ను నేను ఎప్పుడూ నమ్మలేదు. పిల్లలు అబద్ధమాడుతున్నారని కాదు, వాళ్లకు నిజంగానే అలా అనిపిస్తుంది. పదిసార్లు తిరగేసిన పేజీ కళ్లకు అలవాటవుతుంది. ఆ అలవాటునే మనం చదువు అనుకుంటాం.

2006లో అమెరికన్ మనస్తత్వవేత్తలు రోడిగర్, కార్పికీ కాలేజీ విద్యార్థుల మీద దీన్ని పరీక్షించారు. చదివిందే చదివినవాళ్లు తమకు బాగా గుర్తుంటుందని ధీమాగా చెప్పారు. అయిదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో వాళ్లదే పైచేయి. వారం తర్వాత మాత్రం, తక్కువ చదివి, చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లు ముందున్నారు. విచిత్రమేమిటంటే, ధీమా తక్కువున్నది వీళ్లకే!

మన గైడ్లు, బిట్ బ్యాంకులు అమ్మేది ఆ ధీమానే. జవాబు పక్కనే ఉంటే ఎవరికి రాదు? కిరణజన్య సంయోగక్రియ నిర్వచనం గడగడా అప్పజెప్పే పిల్లను, ఆకుకు నల్లకాగితం చుట్టినచోట పిండిపదార్థం ఎందుకు తయారుకాదో అడిగి చూడండి. తడబడితే కోప్పడకండి. ఏది రాదో తనకు తెలిసేది అప్పుడే.

టీచర్లూ, పీరియడ్ చివర్లో పుస్తకాలు మూయించి, గుర్తున్నది రాయమని తలా ఓ తెల్లకాగితం ఇవ్వండి. దానికి మార్కులు మాత్రం వేయకండి.