సున్నా వెనకాల ఉండే లెక్క

మేము చదివింది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు నలభై ఏళ్ళు దాటినాక నేర్చుకున్నాము. తప్పులుంటే మన్నించి చదవండి.

"అమెరికాలో ఆరు నెలలు ఏం చేసినారు, ఊరికే కూర్చున్నారా?" అని చాలామంది అడిగినారు. ఊరికే కూర్చోలేదు, లెక్క రాసినాము. మేము అంటే ఇద్దరమూ. మా ఇంటావిడ లేకపోతే ఈ లెక్కే లేదు.

మా కూతురూ అల్లుడూ ఒహాయో రాష్ట్రంలో కొలంబస్‌లో ఉన్నారు. మనవడు తొమ్మిదో తరగతి. బడి టీములో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడతాడు. ఇది మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారంలో బంతి, చేత్తో విసురుతారు. విసిరేవాణ్ణి క్వార్టర్‌బ్యాక్ అంటారు. అతని ముందు అయిదుగురు బలమైనవాళ్ళు గోడలాగా నిలబడతారు. ఆ గోడను దాటి, బంతి చెయ్యి దాటేలోపల అతన్ని పడగొట్టాలి. ఆ పనే పాస్ రష్. పడగొడితే దాన్ని సాక్ అంటారు. మావాడు గోడ చివరన నిలబడి ఆ పని చేసేవాడు.

గురువారం సాయంత్రాలు వాళ్ళ ఆట. మొదటి రెండు ఆటల్లో మావాడి పేరు పక్కన సాక్‌లు సున్నా. రెండో ఆట అయినాక భోజనాల దగ్గర మా నోరు ఊరుకోలేదు. "రెండు ఆటలకీ సున్నానే గదా నాయనా, ఆ టైములో చదువుకుంటే పోదా" అన్నాము. వాడు మారు మాట్లాడలేదు. కంచంలో చెయ్యి కడిగేసి పైకి వెళ్ళిపోయినాడు. మరుసటి వారం ప్రాక్టీసుకు వెళ్ళనని వాళ్ళమ్మతో చెప్పినాడు. వేసవిలో ఒక క్యాంపులో నలభై గజాల పరుగు పెట్టించి టైము చూసినారంట. అందులోనూ వెనకబడినాడంట. ఆ బాధమీద మేము ఉప్పు చల్లినాము. ఇంటావిడ ఆ రాత్రి మాతో మాట్లాడలేదు.

అల్లుడు మంచివాడు, మమ్మల్ని తప్పు పట్టలేదు. "మామయ్యా, సాక్ ఒక్కటీ చూసి చెప్పకూడదు. ఈ ఊరివాడి కథే వినండి" అని చెప్పినాడు.

కొలంబస్‌లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ ఉంది. అక్కడ వెర్నన్ గోల్‌స్టన్ అనే ఆటగాడు 2007లో ఒక్క సీజన్‌లో 14 సాక్‌లు చేసినాడు. పెద్ద లీగు ఎన్‌ఎఫ్‌ఎల్‌లోకి కాలేజీ పిల్లలను తీసుకునే ముందు ఇండియానాపొలిస్‌లో కంబైన్ అని పరీక్ష పెడతారు. పరుగు, ఎగురు, బరువు ఎత్తడం అన్నీ కొలుస్తారు. అందులో 225 పౌండ్లు, అంటే మన లెక్కలో 102 కిలోలు, పడుకుని ఎన్నిసార్లు ఎత్తుతారని చూస్తారు. ఇతను 37 సార్లు ఎత్తినాడు. సాక్‌లూ ఉన్నాయి, కొలతలూ ఉన్నాయి. 2008 డ్రాఫ్ట్‌లో న్యూయార్క్ జెట్స్ ఆరో ఎంపికగా తీసుకుంది. అక్కడ మూడు సీజన్లు ఆడినాడు. సాక్‌లు సున్నా.

దీనికి తిరగేసిన కథ కూడా చెప్పినాడు. టెరెల్ సగ్స్ అని అరిజోనా స్టేట్ ఆటగాడు 2002లో 24 సాక్‌లు చేసినాడు. డ్రాఫ్ట్ ముందు నలభై గజాల పరుగులో మాత్రం నెమ్మది. 2003లో బాల్టిమోర్ పదో ఎంపికగా తీసుకుంది. మొదటి సీజన్‌లోనే 12 సాక్‌లు. ఆట మానేసే నాటికి 139.

మరి ఏ అంకెను నమ్మాలి? ఈ పనికే అక్కడ డేటా లెక్కలవాళ్ళు ఉన్నారు. అల్లుడు రోజూ రాత్రి కొంచెం కొంచెం చెప్పినాడు. మాకు అర్థమైనంత చెబుతాము.

మొదటిది, నలభై గజాలు మొత్తం పరుగెత్తే అవసరం పాస్ రష్ చేసేవాడికి దాదాపుగా రాదు. క్వార్టర్‌బ్యాక్ దగ్గరలోనే ఉంటాడు. అందుకని ఆ పరుగులో మొదటి పది గజాల టైము విడిగా చూస్తారు. మూడు శంకువుల చుట్టూ వంగి తిరిగే పరీక్ష ఒకటుంది. గోడ చివరను ఒరిగి మలుపు తిరిగే ఒడుపు అందులో తెలుస్తుంది.

రెండోది, సాక్ అనేది చివరి ఫలితం. ఒకడు గోడ దాటి తరిమితే, బెదిరి పక్కకు పోయిన క్వార్టర్‌బ్యాక్ ఇంకొకడి చేతిలో పడతాడు. సాక్ ఆ రెండోవాడి పేర రాస్తారు. కొన్నిసార్లు విసరడానికి ఎవరూ దొరక్క క్వార్టర్‌బ్యాక్ బంతి పట్టుకుని నిలబడిపోతాడు, అప్పుడు పడగొట్టేది అంత గొప్ప కాదు. అందుకని ఇప్పుడు ప్రెషర్ అని లెక్కపెడతారు. పడగొట్టినవి, విసిరే క్షణంలో తగిలినవి, తొందరపెట్టినవి అన్నీ కలిపి. సాక్‌లు ఒక ఏడు ఎక్కువ, ఒక ఏడు తక్కువగా ఎగిరెగిరి పడతాయి. ప్రెషర్లు అంతకంటే నిలకడగా ఉంటాయి.

మూడోది, ఎన్ని అవకాశాల్లో ఎన్ని అనే లెక్క. ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్ళ భుజం కవచాల్లో చిన్న చిప్ ఉంటుంది. సెకనుకు పదిసార్లు ఎవరెక్కడున్నారో చెబుతుంది. దాన్ని పెట్టి, అడ్డున్నవాణ్ణి రెండున్నర సెకన్లలోపల దాటినాడా లేదా అని ఒక్కో ఆటగాడికి శాతం కడతారు. కాలేజీ పిల్లలకైతే వీడియో ముందు కూర్చుని ఒక్కో ఆట చూసి రాసే మనుషులు ఉన్నారు. ఎదురుగా నిలబడినవాడు గట్టివాడా, చేతకానివాడా అనేదీ, కుర్రవాడి వయసూ కూడా చూస్తారు.

ఇది విన్నాక మాకు మా ఆఫీసు గుర్తొచ్చింది. రైల్వేలో మా సెక్షన్ పని బండ్ల టైము లెక్క. మీరందరూ చూసే ఉంటారు, చివరి స్టేషన్ ముందు పది నిముషాల దూరానికి టైంటేబులులో ముప్పై నలభై నిముషాలు ఇచ్చి ఉంటారు. నడుమ అర్ధగంట పోగొట్టుకున్న బండి కూడా ఆ సందులో సర్దుకుని చివరికి రైట్ టైముగా చేరుతుంది. కాగితం మీద అంతా బాగుంటుంది. నడుమ స్టేషన్లో పొద్దున ఆఫీసుకు దిగవలసినవాడి గోడు ఆ కాగితంలో లేదు. ఎక్కడ టైము పోయిందో తెలుసుకోవాలంటే స్టేషన్ స్టేషన్‌కూ రాసిన రిజిస్టర్ తియ్యాలి. ముప్పై ఏళ్ళు ఆ రిజిస్టర్లు తీసినవాళ్ళం మేము. మనవడి విషయానికి వచ్చేసరికి చివరి స్టేషన్ ఒక్కటే చూసి మాట్లాడినాము.

మరునాడు వాడి గదికి పోయి, "తప్పు మాట అన్నాము రాజా, ఇంకో నాలుగు ఆటలు ఆడు, మేము వచ్చి లెక్క రాస్తాము" అన్నాము. "ఏం లెక్క తాతా?" అన్నాడు. "నువ్వు ఆడు, చెబుతాము" అన్నాము. వాళ్ళమ్మ బలవంతం కొంచెం, మా బతిమాలుడు కొంచెం, వెళ్ళినాడు.

ఒక గీతల నోటుబుక్ కొన్నాము. బంతి కదలగానే ఇంటావిడ "ఒకటి, రెండు, మూడు" అని గడియారం వేగంతో చెబుతుంది. "మూడు" వచ్చేలోపల మావాడు ఎదుటివాణ్ణి దాటితే మేము నిలువు గీత పెడతాము, లేకపోతే చుక్క. బంతి విసిరిన ఆటలే లెక్క. చలిలో వేళ్ళు కొంకర్లు పోయేవి. పక్కన కూర్చున్న తెల్లామె ఒకరు ఏం రాస్తున్నారని అడిగి, మూడో వారం నుంచి మాకు కాఫీ తెచ్చిపెట్టేది.

నాలుగు ఆటలకు మొత్తం 58 సార్లు. దాటింది 11 సార్లు. సాక్ ఒక్కటే. అయితే ఆ పదకొండులో నాలుగు సార్లు క్వార్టర్‌బ్యాక్ పారిపోయి మావాళ్ళలో ఇంకొకడి చేతికి చిక్కినాడు. ఇంకో సంగతి కూడా బయటపడింది. ఆ పదకొండులో తొమ్మిది మొదటి సగంలోనే. రెండో సగంలో వాడి దగ్గర ఊపిరి లేదు.

ఆ నోటుబుక్ వాడి ముందు పెట్టినాము. చాలాసేపు గీతలను వేలితో లెక్కపెట్టినాడు. పొగడలేదని కోపగించుకోలేదు. "రెండో సగం నిజమే తాతా" అన్నాడు. మరుసటి సోమవారం నుంచి తెల్లవారి చీకట్లో పరుగెత్తడానికి పోయినాడు. ఇంటావిడ వాడికి ముందే లేచి పాలు కాచేది. సీజన్ ముగిసేసరికి మొత్తం రెండు సాక్‌లే. వాడు పెద్ద ఆటగాడవుతాడని చెప్పడానికి ఇది రాయడం లేదు. మానెయ్యలేదు, మాకు అది చాలు.

ఈ లెక్కలకూ హద్దు ఉంది. 58 సార్లు చూసి మనిషిని తీర్పు చెప్పకూడదు. లెక్కలవాళ్ళు వచ్చేసిన 2019లో కూడా, ఈస్టర్న్ మిషిగన్ అనే చిన్న టీమునుంచి వచ్చిన మ్యాక్స్ క్రాస్‌బీని 105 పేర్లు అయినాక 106వ ఎంపికగా తీసుకున్నారు. మొదటి సీజన్‌లోనే పది సాక్‌లు చేసినాడు. లెక్క దారి చూపిస్తుంది, మనిషి లోపల ఏముందో మొత్తం చెప్పదు.

ఇది మన సంఘానికి ఎందుకంటారా? వచ్చే నెల చదువు సహాయానికి పిల్లల పేర్లు చూడబోతున్నాము. ప్రతి ఏడూ మొత్తం మార్కుల వరస చూసి పైనుంచి గీత గీస్తాము. మేమూ అలాగే గీసినాము. మా సొంత బడి సర్టిఫికెట్‌లో తెలుగు అనే గడే లేదు, అయినా ఇంట్లో తెలుగు ఉండింది. ఈసారి గీత కింద ఉన్న పిల్లల ఇంటికి ఒకసారి పోయి వద్దాము. మార్కు ఎక్కడ పోయింది, ఎందుకు పోయింది, పొద్దున పని చేసి బడికి పోతున్నాడా, అడిగి రాద్దాము. నోటుబుక్ మేము కొనిపెడతాము. తోడు వచ్చేవాళ్ళు కింద పేరు చెప్పండి.

మనవడు పోయిన వారం ఫోను చేసి, "అవ్వ ఎప్పుడు వచ్చి లెక్క చెబుతుంది?" అని అడిగినాడు. తాతను అడగలేదు. ఇంటావిడ అప్పటినుంచి వీసా సంగతి రోజూ ఎత్తుతూ ఉంది.