గడియ తుపాకి, మీట తుపాకి

తెలుగు పాఠం చెప్పుకునేవాడికి తుపాకుల ఊసెందుకని మీరడగవచ్చు. మనుచరిత్రలో స్వరోచి వేట చెప్పినప్పుడల్లా పిల్లల్లో ఎవడో ఒకడు లేచి, "అప్పుడు తుపాకులు లేవా మాస్టారూ?" అంటాడు. లేవు. కాని పాల్వంచలో మా ఇంట్లో ఒకటుండేది.

అది మా తాతయ్యది. బెంగాలులోని ఇషాపూరు కార్ఖానాలో చేసిన .315 రైఫిలు. సైన్యం వాడే .303 తూటా మామూలు జనానికి చెల్లదు గనుక, అదే ఎన్‌ఫీల్డు అచ్చులో ఈ తూటాకు తగినట్టు చేశారు. తలుపుకున్నట్టే దానికొక ఇనప గడియ. పిడి పైకెత్తి వెనక్కి లాగితే కాల్చిన గుల్ల ఎగిరి పడుతుంది. ముందుకు తోసి దించితే కొత్త తూటా లోపలికి వెళ్ళి బిగుసుకుంటుంది.

తాతయ్య స్నేహితుడొకాయన గోదావరి అవతల భద్రాచలంలో వెదురు కాంట్రాక్టరు. ఆయనది అమెరికా విన్‌చెస్టరు, 1894 నమూనా. మీట తుపాకి. వేళ్ళు దూర్చుకునే ఇనప కమ్మిని కిందికి నొక్కి పైకి లాగితే చాలు, రెండో తూటా సిద్ధం. భుజం మీంచి దించనక్కరలేదు. ఆ ఒడ్డు 1959 దాకా తూర్పు గోదావరి జిల్లా. ఆ ఏడే మా ఖమ్మంలో కలిసింది. జిల్లాలు కలిశాయి గాని వీరిద్దరి వాదన మాత్రం కలియలేదు.

"మీ గడియ లాగేలోపల జంతువు చర్ల చేరుతుంది" అనేవారు కాంట్రాక్టరుగారు.

"మీరు బోర్లా పడుకుని ఆ మీట దించండి చూద్దాం, నేలకు కొట్టుకుంటుంది" అనేవారు తాతయ్య.

అసలు చిక్కు మరొకటుంది. ఆ విన్‌చెస్టరులో తూటాలు గొట్టం కింద మరో గొట్టంలో ఒకదాని వెనక ఒకటి వరుసగా ఉంటాయి. మొన తేలిన తూటా అయితే ముందుదాని అడుగున ఉన్న టోపీకి తగిలి లోపలే పేలే ప్రమాదం. అందుకని మొండి మొన తూటాలే వాడాలి. అవి గాలిని చీల్చుకుని దూరం పోలేవు. గడియ తుపాకిలో తూటాలు పెట్టెలో ఒకదానిమీద ఒకటి ఉంటాయి గనుక ఆ భయం లేదు.

సాక్షులకూ లోటు లేదు. తాతయ్యకు జిమ్ కార్బెట్టు; ఆయన చేతిలోది మౌజరు గడియతో చేసిన .275 రిగ్బీ. కాంట్రాక్టరుగారికి చిత్తూరు జిల్లా చామల లోయలో పులిని వేటాడిన కెన్నెత్ ఆండర్సను, ఆయనది విన్‌చెస్టరు.405. అయితే అది 1895 నమూనా, దానిలోనూ తూటాలు పెట్టెలోనే ఉంటాయి. కనుక ఆ సాక్ష్యం కాస్త బలహీనమనే నా అభిప్రాయం.

1964లో కిన్నెరసాని అడవి అంచున జొన్నచేలు పాడుచేస్తున్న పందిమీద కాంట్రాక్టరుగారు చకచకా మూడు గుళ్ళు పేల్చారు. మూడూ తగిలాయి, ఒక్కటీ తగినచోట తగల్లేదు. దాన్ని తోలడానికి వెళ్ళిన కోయ కుర్రవాడి తొడ చీల్చి అది వెదురు పొదల్లో దూరింది. తాతయ్య రెండు గంటలు నెత్తురు జాడ పట్టి నడిచి ఒక్క గుండుతో ముగించారు. ఆ కుర్రవాణ్ణి నేను ముసలివాడయ్యాక చూశాను. కుంటుకుంటూ వచ్చి అరుగుమీద కూర్చునేవాడు. ఏ తుపాకి మేలు తాతా అని అడిగితే నవ్వాడు.

"మీ తాత చాలాసార్లు కాల్చకుండానే ఇంటికొచ్చేవాడు బాబూ" అన్నాడు.

రెండోది ఆలస్యమవుతుందని తెలిసినవాడు మొదటిదానికి తొందరపడడు. గడియ తుపాకిలో నాకు నచ్చిన గుణం అదొక్కటే.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. తాతయ్య మళ్ళీ అడవికి తుపాకి తీసుకుపోలేదు. నూనె రాసి, ఎన్నికలొచ్చినప్పుడల్లా పోలీసు స్టేషనులో అప్పగించి, మళ్ళీ తెచ్చుకునేవారు. తరవాత నాన్నగారూ అంతే. నాన్నగారు పోయాక అది ఖమ్మంలో ఒక డీలరు దగ్గరుంది. వారసుల్లో ఎవరైనా లైసెన్సు తీసుకుంటేనే ఇంటికొస్తుంది. అమ్మేయమని చెల్లెలు. వద్దని మా అబ్బాయి. "ఇనుము తెచ్చి ఇంట్లో పెట్టుకుని ఏం చేస్తారు?" అని మా ఆవిడ.

దరఖాస్తు తెచ్చి పేరూ, వయసూ, చిరునామా నింపాను. ఆయుధం ఎందుకు కావాలో రాయాల్సిన గడి మిగిలింది. వేటకని రాస్తే చెల్లదు. పంట కాపలాకని రాద్దామంటే మాకిప్పుడు పొలం లేదు. తాతయ్యదని రాయడానికి ఆ గడి చాలా చిన్నది. సోమవారంలోగా ఏదో ఒకటి తేల్చి చెప్పమన్నాడు డీలరు.